దూసెమాఁ ఎల్లేశం

బరువులు లాగే మనుషుల్ని నేను చాలా ఊళ్ళలో చూశాను. విశాఖ రేవులో చూశాను, రాజమండ్రి కలప అడితీల్లో చూశాను, బొంబాయి డాకుల్లో ఎండకు నిలబడి మరీ చూశాను. అన్నిచోట్లా పద్ధతి ఒకటే. అందరూ చేతులతో లాగుతుంటే ఒకడు గొంతుతో లాగుతాడు. వాడు తాడు ముట్టుకోడు. ఎత్తైన చోట నిలబడి, ఒక చెయ్యి చెవికి ఆనించుకుని కేక పెడతాడు. కొత్తగా చూసేవాడికి, ఈ పెద్దమనిషికి జీతం ఎందుకిస్తున్నారో అనిపిస్తుంది. గోదావరిఖనిలో ఎల్లేశాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకూ అదే అనిపించింది. పొట్టి మనిషి, ముందుకొచ్చిన పొట్ట, తలకు ఎర్ర తువ్వాల, బుగ్గలో తంబాకు. తనలాంటి గొంతు గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా లేదని చెప్పుకునేవాడు. అడగకపోయినా చెప్పేవాడు.

ఆ గొంతు గనిలో పుట్టింది కాదు. వాళ్ళది కమాన్‌పూర్ దగ్గర పల్లె. తండ్రి మోట కొట్టేవాడు. కరెంటు మోటార్లు రాని రోజుల్లో బావిలో నీళ్ళు పెద్ద తోలు బొక్కెనలో పైకొచ్చేవి. ఎడ్లు గడ్డ మీంచి వాలులోకి దిగితే బొక్కెన లేచేది. ఎడ్లను దింపేది కొరడా కాదు, పాట. చివరి అక్షరం సాగదీస్తే అవి అడుగు వేసేవి, తుంచేస్తే ఆగేవి. “ఎద్దుకు మాట తెల్వది, మాట తోక తెలుస్తది,” అనేవాడు ఎల్లేశం. తండ్రికి దగ్గు పట్టుకున్నాక మోట ఇతని చేతికొచ్చింది, పాటతో సహా.

అరవైల మొదట్లో అక్కడ గనులు తెరిచినప్పుడు చుట్టుపక్కల రైతుల్లాగే తనూ తట్టా చెమ్మసు పారా పట్టుకుని బొగ్గు నింపడానికి దిగాడు. ఒకరోజు లోపల బొగ్గు టబ్బు పట్టా తప్పింది. నలుగురూ పట్టినా కదల్లేదు. ఎల్లేశం మోట పాట ఎత్తుకున్నాడు, టబ్బు పట్టా ఎక్కింది. “బొగ్గు నింపేటోళ్ళు మస్తుమంది దొరుకుతరు, గీ గొంతు దొర్కది,” అని లోపలి పని చూసే సర్దార్ అతన్ని పైకి తీసుకొచ్చి, యంత్రాలు మోసే ఖలాసీ గ్యాంగులో కేక పెట్టే పనికి పెట్టాడట. సర్దార్ మాటల్ని నేను విన్నది ఎల్లేశం నోటే కనుక ఎంత నమ్మాలో మీ ఇష్టం.

అతని భార్య కనకవ్వ గని గేటు దగ్గర శనగ గుడాలు ఉడకబెట్టి అమ్మేది. షిఫ్టు దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఆమె గంప ముందు ఆగకుండా పోయేవారు కాదు. మొగుడి ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే, “ఏం జేస్తడు? పొద్దంత ఒర్రుతడు, నెలకు జీతం దెస్తడు. నేను పొద్దంత ఒర్రినా గుడాలే అమ్ముడువోతయి,” అనేది.

డెబ్బైల్లో ఒక చలికాలం ఆ గనికి ఫ్రాన్సు నుంచి పెద్ద గాలిపంకా వచ్చింది. మన ఇళ్ళలో తిరిగే పంకా కాదు, గని లోపలికంతా ఊపిరి అందించే యంత్రం. అది విడివిడి భాగాలుగా చెక్కపెట్టెల్లో వచ్చింది. బిగించడానికి వెంట ఒక మనిషి వచ్చాడు. పేరు బెర్త్రాఁ. ఎర్రటి మొహం, గడ్డి టోపీ, నవ్వితే మొత్తంగా కదిలే మీసం. ఆఫీసువాళ్ళు ఆయన్ని ఫ్రెంచి మర్యాదలో ‘ముస్యే’ అని పిలవడం విని ఖలాసీలు ‘మూసీ దొర’ చేసేశారు. మోకు ముందు కొస పట్టే బుచ్చన్న, ఎల్లేశానికి వరసకు బావ, ఒకసారి హైదరాబాదు చూసొచ్చినవాడు. “ఆ మూసీల నీళ్ళుండయి, ఈ మూసీకి నీళ్ళు సాల్తలేవు,” అన్నాడు, దొర కూజా ఎత్తి గటగటా తాగుతుంటే చూసి.

దొర మాట మనవాళ్ళకు, మనవాళ్ళ మాట దొరకు చెప్పే దుబాసీ లక్ష్మీనరసింహ. మంథని మనిషి, కంపెనీ ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు తాతగారి దగ్గర వేదం చెప్పుకున్నాడు, హైదరాబాదులో చదువుకునేటప్పుడు సాయంత్రాలు ఫ్రెంచి నేర్చుకున్నాడు. రెండోది ఎందుకంటే కారణం చెప్పలేకపోయేవాడు. నేను అప్పుడు ఆయన ఇంట్లోనే దిగాను. తిరిగే కాళ్ళకు అప్పుడప్పుడు ఒక అరుగు దొరకాలి కదా, అది మంచి అరుగు.

మొదటి పెట్టె దించేరోజు లక్ష్మీనరసింహ ఆఫీసులో ఇరుక్కుపోయాడు. లారీ నుంచి దించిన పెట్టెను దుంగల మీదికెక్కించి, మోకులు కట్టి షెడ్డు వైపు లాగుతున్నారు. ఎల్లేశం తంబాకు ఉమ్మడానికి ఒక్క క్షణం ఆగాడు. సరిగ్గా అప్పుడే బెర్త్రాఁకు పెట్టె మరీ వేగంగా వస్తున్నట్టు తోచింది. రెండు చేతులూ ఎత్తి అరిచాడు.

“దూసెమాఁ!”

నెమ్మదిగా అని ఆ మాటకు అర్థం. ఆ సంగతి గ్యాంగుకు ఎలా తెలుస్తుంది? వాళ్ళకు వినబడింది ఒక కేక. చివర సాగి, పైకి లేచిన కేక. చేతులు బుర్రను అడగలేదు, గుంజేశాయి. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. వీళ్ళు ఇంకా గట్టిగా గుంజారు.

“అబ్బా, మూసీ దొర గొంతు గూడ మంచిగనే ఉన్నదిరో!” అన్నాడు బుచ్చన్న.

మూడోసారి ఆయన ప్రాణం పెట్టి అరిచాడు. వీళ్ళు ప్రాణం పెట్టి గుంజారు. పెట్టె దుంగలు దాటి జారి, దొర నీడపట్టున వేయించుకున్న పేము కుర్చీ మీద కూర్చుంది. మనుషులకేమీ కాలేదు, లోపలి యంత్రానికీ ఏమీ కాలేదు. కుర్చీ మాత్రం చాపలా పరుచుకుంది. దాని మీదున్న గడ్డి టోపీ అప్పడమైంది.

అంతటితో పోలేదు. పనిని చూసుకునే ఇంజినీరు ఒక కుర్ర మనిషి, పాపం పై నుంచి మాట పడ్డవాడు. ఇకమీదట కేకలు బంద్ అన్నాడు. విజిల్ ఊదితే లాగాలి, అంతే. పంకాలో అన్నిటికన్నా బరువైన చక్రాన్ని దిమ్మె మీద కూర్చోబెట్టేదాకా చూస్తాను, విజిల్‌తో అది కూర్చుంటే కేక పెట్టే మనిషి ఈ కంపెనీకి అక్కర్లేదు, ఎల్లేశం లాంప్ రూంలో టోపీదీపాలు తుడుచుకోవచ్చు అన్నాడు. లాంప్ రూం పని చెడ్డదేం కాదు. నీడపట్టు పని, వాలు దిగి ఎక్కే బాధ ఉండదు. చాలామంది దండాలు పెట్టి అడిగే పని. ఎల్లేశానికి మాత్రం అది మూతి కుట్టేసినట్టుంది.

విజిల్ పని మొదలైంది. ఎల్లేశం కాస్త ఎడంగా బొగ్గు కుప్ప మీద కూర్చుని చూసేవాడు. లాగే మనిషికి ముందు తాడు బిగించి పట్టుకోవాలి, తర్వాత మడమ మట్టిలో ఆనించాలి, ఆ తర్వాతే గుంజాలి. విజిల్ ఒక్కసారే వచ్చి పడుతుంది. ఒకడు ముందు, ఒకడు వెనక. మోకు అరచేతుల్లో జారి చర్మం మండుతుంది. “విజిల్‌కు తోక తప్ప తలకాయ లేదు,” అని కుప్ప మీంచి వ్యాఖ్యానం. ఇంజినీరు అటు చూస్తే, తువ్వాల మొహాన కప్పుకుని నిద్ర నటించేవాడు.

పగలంతా మూసుకున్న నోరు ఇంటికొచ్చి తెరుచుకునేది. కనకవ్వ గేటు దగ్గర లక్ష్మీనరసింహను పట్టుకుంది.

“పంతులూ, మా ఆయన ఇంట్ల బువ్వ పెట్టుమని ఒర్రితే కోళ్ళు చెట్టెక్కినయి. ఇంకా దిగుతలేవు. ఆయనకు ఏదన్న పని జెప్పు నీకు దండం వెడ్త.”

ఆ సాయంత్రం ఎల్లేశం మా అరుగు దగ్గరికి వచ్చాడు. నిలబడే అడిగాడు.

“పంతులూ, ఆ దినం మూసీ దొర ఏమని ఒర్రిండు?”

“మెల్లగ అని.”

ఎల్లేశం పొట్ట పట్టుకుని నవ్వాడు. “మెల్లగ అనేటిది గంత గట్టిగ అంటరా ఎవలన్న?”

“వాళ్ళ మాట గట్ల ఉంటది ఎల్లేశం. మెల్లగ అన్నా చివర మాఁ, జల్ది అన్నా మాఁ, పైలంగ అన్నా మాఁ. లాఁత్‌మాఁ, రాపిద్‌మాఁ, ప్రూదమాఁ.”

“అన్నింటికి ఒక్కటే తోక వెడితే ఎద్దుకు ఎట్ల తెలుస్తది?”

ఇది నేను తర్వాత చాలాసార్లు తలుచుకుని నవ్వుకున్న ప్రశ్న. మన భాషలో ఈ తంటా తక్కువ. గబగబా అంటే మాటే పరిగెడుతుంది, మెల్లమెల్లగా అంటే మాటే కాళ్ళీడుస్తుంది. వాళ్ళు ఎట్లా చెయ్యాలో చెప్పే మాటలకు చాలావాటికి ఒకే ముద్ర కొట్టి వదిలారు. పైగా ఆ చివర ముక్కులో పలకాలి. మనకూ ఒకప్పుడు అలాంటి ముక్కుపలుకు ఉండేది. అదే అరసున్న. మనం పలకడం మానేసి పాత పుస్తకాల్లో దాచాం, వాళ్ళు ఇప్పటికీ పలుకుతున్నారు. యానాంలో ఒక ముసలాయన నాకీ ముక్కుపలుకు నేర్పడానికి ఒక మధ్యాహ్నమంతా కష్టపడి, చివరికి పులస చేప ఎలా వండాలో చెప్పడంలోకి దిగిపోయాడు. అందులో ఎక్కువ లాభపడ్డాను.

లక్ష్మీనరసింహ ఇంకో సంగతి చెప్పాడు. పరదేశి మనిషితో పనిచేసేటప్పుడు వస్తువు పేరు రాకపోతే వేలు చూపించొచ్చు. లాగడమో ఎత్తడమో అయితే సైగ చెయ్యొచ్చు. ఎట్లా లాగాలి అనేదానికే సైగ చాలదు, అక్కడే నోరు కావాలి.

“గదే నా పని,” అన్నాడు ఎల్లేశం. “గుంజుడు వాళ్ళది, ఎట్ల గుంజాల్నో అది నాది. ఆ మాటలు నాకు నేర్పు.”

లక్ష్మీనరసింహ పుస్తకం తెచ్చాడు. భార్య శ్యామలాదేవిగారిని అడక్కుండా వంటింట్లోంచి ఇత్తడి పళ్ళెం కూడా తెచ్చాడు. వేదం చెప్పుకున్న చెయ్యి కదా, మాట ఎక్కడ విరగాలో వేళ్ళ మీద చూపించకుండా ఉండలేడు. పుస్తకంలో దూసెమాఁ అన్న మాటను మూడు ముక్కలుగా విరిచి అచ్చువేశారు. ఆయన మాత్రం రెండు వేళ్ళే మడిచాడు.

“నడిమి ముక్క రాస్తరు గని పలుకరు. దూస్, మాఁ. రెండే.”

ఎల్లేశం పళ్ళెం మీద రెండు దెబ్బలు కొట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“దూస్ అంటే పట్టుడు, మాఁ అంటే గుంజుడు. మరి కాలు ఎప్పుడు ఆనియ్యాలె? అయినా ఆ దినం దొర మూడు దెబ్బలు ఒర్రిండు. నా చెవులల్ల ఉన్నది.”

“రెండే అయ్యా. పుస్తకంల ఉన్నది, మా సారు గూడ గదే చెప్పిండు.”

“మీ సారు పెట్టె కాడ ఉన్నడా?”

ఇద్దరూ పళ్ళెం లాక్కుంటూ రెండు, మూడు అని వాదించుకుంటుంటే లోపల్నుంచి శ్యామలాదేవిగారు, “సొట్ట పడితే మాత్రం కొత్తది తేవాలె,” అని కేకేశారు. ఆ చప్పుడుకే కాబోలు, పక్కనున్న గెస్టుహౌసు నుంచి బెర్త్రాఁ కూడా వచ్చాడు. కొత్త టోపీ ఇంకా దొరకలేదు, తలకు ఖలాసీలిచ్చిన తువ్వాల చుట్టుకున్నాడు. లక్ష్మీనరసింహ సంగతి చెప్పి, పలకమన్నాడు. ఆయన కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని, మర్యాదగా, “దూస్‌మాఁ,” అన్నాడు. రెండు.

లక్ష్మీనరసింహ మొహం వెలిగింది. ఎల్లేశం లేచి నిలబడ్డాడు.

“గిట్ల కూసోని చాయ్ తాగుకుంట కాదు. పెట్టె జారుతున్నదనుకొమ్మను. ఒర్రుమను.”

బెర్త్రాఁకు సరదా వేసింది. వాకిట్లోకి వెళ్ళి, నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుని, గుండెల్నిండా గాలి పీల్చి అరిచాడు. “దూ-సె-మాఁ!” వీధి కుక్కలు లేచాయి. ఎదురింటివాళ్ళు గిన్నెలతో సహా బయటికొచ్చారు. మూడు దెబ్బలు, అనుమానం లేదు. ఎల్లేశం తొడ చరిచాడు.

దొర మొహం మామూలుకన్నా ఎర్రబడింది. ఆయనది ఫ్రాన్సుకు దక్షిణాన ఒక బొగ్గుగనుల ఊరట. అక్కడ వాళ్ళ నాయనమ్మ ఏ ముక్కా మింగకుండా అన్నీ పలికేదట. ఉత్తరానికి చదువుకు వెళితే తోటివాళ్ళు నవ్వారట, అప్పట్నుంచి నడిమి ముక్క మింగడం నేర్చుకున్నాడు. బరువు జారినప్పుడు మాత్రం సొంత ఊరు నోట్లోకి వచ్చేస్తుందని చెప్పాడు. లక్ష్మీనరసింహ అది తెలుగు చేసేసరికి ఎల్లేశం వెళ్ళి దొర భుజం మీద చెయ్యేశాడు.

“నాది గదే కత దొరా. ఆఫీసుల ‘వస్తున్నాను సార్’ అంట. మోకు తెగిందంటే మా కమాన్‌పూరే!”

ఆ సాయంత్రం నుంచి పాఠం తిరగబడింది. మొదటి ముక్కకు పట్టు, ఎవరూ పలకని ఆ నడిమి ముక్కకు కాలు ఆనుడు, మాఁ దగ్గర గుంజుడు. ఇంకొక్క చిక్కు మిగిలింది. గ్యాంగు చేతులు చివరి అక్షరం ఎంత లేస్తే అంత గుంజుతాయి. దొరేమో నెమ్మదిగా అనే మాటను ఆకాశానికి ఎత్తుతాడు. అందుకని ఎల్లేశం ఆయనకే ఫ్రెంచి నేర్పడం మొదలుపెట్టాడు. “తోక దించు దొరా, దించు. జల్ది అంటే లేపు. మెల్లగ అంటే దించు,” అని అరచెయ్యి కిందికి వాల్చి చూపించేవాడు. బెర్త్రాఁ బుద్ధిగా దించేవాడు. ప్రూదమాఁ దగ్గర మాత్రం ఎల్లేశమే తడబడ్డాడు. పుస్తకంలో ఎ అని ఉంది, పలకడం అ అని పలకాలి. “రాసినాయనను ఒకపాలి పిలిపియ్యుండ్రి పంతులూ,” అన్నాడు.

మాటలు అరుగు దిగి కాలనీలోకి వెళ్ళాయి. గ్యాంగు తిండి వేళల్లో ఖాళీ మోకు గుంజకు కట్టి కేకలు సాధన చేసింది. కనకవ్వ గంప దగ్గర నసపెట్టే బేరగాళ్ళను “రాపిదెమాఁ, రాపిదెమాఁ!” అని తరిమింది. చాలా ఏళ్ళ తర్వాత బెల్లంపల్లిలో, రిటైరైన ఒకాయన ఎడ్లబండిని వెనక్కి పెట్టిస్తూ “లాఁతెమాఁ” అనడం విని, ఎక్కడిదీ మాట అని అడిగాను. “మా తాతల కాలంనాటి మాట,” అన్నాడు గర్వంగా. నేను కాదనలేదు.

ఇంజినీరు మాత్రం మెత్తబడలేదు. ఆయన మీద పై నుంచి ఒకసారి అక్షింతలు పడ్డాయి, రెండోసారికి సిద్ధంగా లేడు. చక్రం ఎక్కించేరోజు విజిల్ ఆయనే మెళ్ళో వేసుకొచ్చి బెర్త్రాఁ చేతికిచ్చాడు. ఎల్లేశం ఎప్పటిలా బొగ్గు కుప్ప మీద, ఆ రోజు తంబాకు కూడా నమలకుండా కూర్చున్నాడు.

మూడు దూలాల ముక్కాలి కట్టి, చైన్‌కప్పీతో చక్రాన్ని పైకి లేపారు. ఇక రెండువైపుల మోకులతో అటూ ఇటూ సర్ది, దిమ్మెలోంచి లేచిన బోల్టుల మీదికి దాని కన్నాలు సరిగ్గా వచ్చేట్టు దించాలి. విజిల్ మోగింది. చక్రం కావలసినదానికన్నా ఎక్కువ ఊగింది. మళ్ళీ మోగింది. ఇటువైపు ఊగి వచ్చి ఒక బోల్టును రాసుకుంటూ పోయింది. ఆ లోహపు చప్పుడుకు అందరి పళ్ళూ జివ్వుమన్నాయి. బోల్టు వంగితే నెలల పని పోయినట్టే. బెర్త్రాఁ మొహంలో ఎరుపంతా దిగిపోయింది. విజిల్ నోట్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు. కుప్ప వైపు తిరిగాడు.

“ఎల్లేశ్!” అన్నాడు.

ఇంజినీరు ఏదో అనబోయాడు. బెర్త్రాఁ అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఎల్లేశం లేచి, తువ్వాల బిగించి, చెయ్యి చెవికి ఆనించుకున్నాడు. దొర మాట అందించాడు, ఇతను ఎత్తుకున్నాడు.

“అల్కగ అన్నలాలా... దూ...” చేతులన్నీ మోకు మీద బిగిశాయి. “...సె...” మడమలన్నీ ఒక్కసారే మట్టిలో దిగాయి. “...మాఁ...” చివర దించేశాడు. చక్రం వేలెడంత కదిలి, ఊగకుండా నిలిచింది.

“మెల్లగ తమ్ములాలా... లాఁ... తె... మాఁ...”

ఇంకో వేలెడు. ఇంజినీరు ఊపిరి బిగబట్టాడు. బుచ్చన్న పెదవి కొరుక్కుంటూ ముందు కొస మీద వాలిపోయాడు. కన్నాలు బోల్టుల నెత్తిమీదికి వచ్చాయి. వెంట్రుకవాసి తేడా ఉంది. అప్పుడు బెర్త్రాఁ కంగారులో అరుగు మీద ఎప్పుడూ చెప్పని మాట అన్నాడు.

“లె-ఝే-రె-మాఁ.”

నాలుగు దెబ్బలు. తేలిగ్గా అని. ఆ అర్థం ఎల్లేశానికి తెలియదు. లక్ష్మీనరసింహ దిమ్మెకు అవతలి వైపున్నాడు, గొలుసు చప్పుడులో ఆయనకు వినబడనే లేదు. గ్యాంగు మోకు పట్టుకుని ఎదురుచూస్తోంది. ఎల్లేశం దొర మొహంలోకి చూశాడు. బెర్త్రాఁ ఆ మాట మళ్ళీ అన్నాడు. ఈసారి చివరి అక్షరాన్ని దించి, దించి, దాదాపు గాలిలో కలిపేశాడు. అరచెయ్యి కూడా కిందికి వాల్చాడు.

తెలిసిపోయింది. ఎల్లేశం మొదటి దెబ్బకు పట్టించాడు, రెండుకు కుడికాలు, మూడుకు ఎడమకాలు, నాలుగోది నోటికి నోరే చెప్పుకున్నంత చిన్నగా అన్నాడు. గ్యాంగు గుంజలేదు, ఊరికే మోకు మీద ఒరిగింది. కప్పీ దగ్గరివాళ్ళు గొలుసు రెండు లంకెలు వదిలారు. చక్రం బోల్టుల్లోకి దిగి కూర్చుంది.

బెర్త్రాఁ తలమీది తువ్వాల తీసి గాలిలో తిప్పుతూ గంతులేశాడు. లక్ష్మీనరసింహ అవతలి నుంచి పరుగెత్తుకొచ్చి జారి, లేచి, మళ్ళీ పరుగెత్తాడు. ఇంజినీరు ఎవర్ని పట్టుకోవాలో తెలియక ముక్కాలిని కౌగలించుకున్నాడు. ఎల్లేశం మాత్రం కుప్ప మీద కళ్ళు మూసుకుని నిలబడిపోయాడు. గ్యాంగు ఇంకా మోకు వదల్లేదు. కేక లేకుండా పట్టకూడదు, కేక లేకుండా వదలకూడదు. అది వాళ్ళ చేతులకు తెలిసిన చట్టం.

“బావా! ఇడువుమను బావా! చేతులు ఊసిపోతున్నయి!” బుచ్చన్న మొత్తుకున్నాడు.

ఎల్లేశం ఒక కన్ను తెరిచాడు. “నేను లాంప్ రూం మనిషిని గద బావా. నాకేం హక్కున్నది?”

“ఓ నీ అయ్య! గిప్పుడా నీ పంచాది?”

నవ్వు ఒక్కొక్కరి మీదికీ పాకింది. మోకు పట్టుకునే నవ్వుతున్నారు. బెర్త్రాఁకు ఏమీ అర్థంకాక, సాయం చేద్దామని తనూ వెళ్ళి మోకు వెనక కొస పట్టుకున్నాడు. ఇంజినీరు ముక్కాలిని వదిలి, కుప్ప కిందికి వచ్చి తల పైకెత్తాడు.

“ఎల్లేశం, ఏ లాంప్ రూమయ్యా! రేపటి నుంచి నీ చోటు అదే, ఆ కుప్ప మీదే. వాళ్ళను వదలమని చెప్పు ముందు.”

“విజిల్ ఊదరాదుండ్రి సార్?”

“నీకు దండం వెడ్త ఎల్లేశం, జల్ది ఒర్రు!”

మంచి చదువు చదివిన ఆ కుర్ర ఇంజినీరు నోట, కంగారులో, వాళ్ళ ఊరు ఏదో గాని అది వచ్చేసింది. ఎల్లేశం చెయ్యి చెవికి ఆనించుకున్నాడు. గోదావరికి ఆ ఒడ్డుదాకా వినబడాలన్నట్టు ఊపిరి తీశాడు.

“ఇడువుండ్రో...!”

అందరూ ఒక్కసారే వదిలారు. నవ్వుల్లో కాళ్ళు ఆనించడం మరిచిపోయారేమో, ఒకడి మీద ఒకడు వెనక్కి పడ్డారు. అందరికన్నా అడుగున, రెండు చేతులతో మోకు పట్టుకుని, మూసీ దొర.